బంపర్ విప్పకముందే లెక్క తేల్చుకోవద్దు

మొన్న డిసెంబర్‌లో ఎర్రగడ్డ రైతుబజార్ దగ్గర సిగ్నల్ పడితే కారు ఆపాను. వెనకనుంచి వచ్చిన కారు నా వ్యాగన్ఆర్‌ని గుద్దింది. దిగి చూస్తే బంపర్ పగిలింది, డిక్కీ డోర్ సొట్టపోయింది, కుడివైపు టెయిల్ ల్యాంప్ ముక్కలైంది. నడిపిన అబ్బాయికి పాతికేళ్లు కూడా ఉండవు, చేతులు వణుకుతున్నాయి. "అక్కా, మూడు వేలు ఇప్పుడే ఫోన్‌పే చేస్తా, ఇక్కడితో వదిలేయండి" అన్నాడు. వెనక హారన్లు, అవతల ఆఫీసు టైమ్. ఆ టెన్షన్‌లో సరే అనేస్తాం. అనకండి.

ఎవరికైనా దెబ్బ తగిలితే మాత్రం సెటిల్‌మెంట్ మాటే వద్దు. 108కి, 112కి ఫోన్ చేయాలి. మిగతాదంతా తర్వాత.

ఎవరికీ ఏమీ కాకపోతే ముందు ఫోటోలు తీయండి. రెండు కార్ల నంబర్లు, దెబ్బ దగ్గరగా ఒకటి, దూరం నుంచి ఒకటి. నేను పక్కనున్న మెట్రో పిల్లర్ నంబర్ కూడా పడేలా తీశాను. ఎక్కడ జరిగిందో అదే చెబుతుంది. అతని లైసెన్స్, ఆర్సీ, ఇన్సూరెన్స్ కాగితాలు ఫోటో తీసుకుని, ఫోన్ నంబర్‌కి అక్కడే రింగ్ ఇచ్చి చూశాను. ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో బండి నంబర్ కొడితే ఇన్సూరెన్స్ ఉందో లేదో తెలుస్తుంది.

"గుద్దింది వాళ్లు కదా, వాళ్ల ఇన్సూరెన్సే ఇస్తుంది" అని చాలామంది అనుకుంటారు. థర్డ్ పార్టీ పాలసీలో ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి 7.5 లక్షల దాకా కవర్ ఉన్న మాట నిజమే. కానీ అది రావాలంటే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కి వెళ్లాలి. బంపర్ కోసం ఎవరు తిరుగుతారు? కాబట్టి మనకు మిగిలేవి రెండే: అతని దగ్గర డబ్బు తీసుకోవడం, లేదా మన సొంత పాలసీలో క్లెయిమ్ చేయడం. రెండూ కలిపి చేయకూడదు. ఒకే దెబ్బకు రెండుచోట్ల డబ్బు తీసుకోవడం మోసం.

ఏది మేలో తేల్చడానికి ఎస్టిమేట్ కావాలి. అందుకే ఆ అబ్బాయితో "రేపు సాయంత్రం లోపు ఎంతవుతుందో చెబుతాను, అప్పుడు మాట్లాడుకుందాం" అన్నాను. మూసాపేటలో మాకు తెలిసిన షెడ్డులో రాయించాను. బంపర్ 3,800, టెయిల్ ల్యాంప్ 1,900, డెంటింగ్ 2,500, పెయింటింగ్ 6,000. మొత్తం 14,200. అతను ఇస్తానన్నది మూడు వేలు!

క్లెయిమ్ లెక్క కూడా వేశాను. నాకు జీరో డెప్ (భాగాల తరుగుదల కోయకుండా ఇచ్చే అదనపు కవర్) లేదు. ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగుదల కోస్తారు కాబట్టి బంపర్ మీదే 1,900 పోతుంది. 1500 సీసీ లోపు కారుకి కంపల్సరీ డిడక్టబుల్, అంటే క్లెయిమ్‌లో మనమే పెట్టుకోవాల్సిన మొత్తం, 1,000. వచ్చే రెన్యువల్‌లో నాకు రావలసిన 50 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు), అంటే సుమారు 3,000, పోతుంది. ఆ బోనస్ మళ్లీ 20 శాతం నుంచి మొదలవుతుంది. తప్పు చేయని నేను దాదాపు ఆరు వేలు ఎందుకు భరించాలి? ఇదే లెక్క అతనికి కాగితం మీద చూపించాను. వాదించలేదు, ఒప్పుకున్నాడు.

అతను వెనక్కి తగ్గి ఉంటే అదే రోజు ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేసేదాన్ని. సమాచారం వెంటనే ఇవ్వాలని పాలసీలోనే రాసి ఉంటుంది. వాళ్లు చూడకముందే రిపేర్ మొదలుపెడితే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. అందుకే ఎదుటివాళ్లకు వారం, పది రోజులు గడువు ఇవ్వకండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. బంపర్ విప్పితే గానీ అసలు దెబ్బ తెలియదు. నా కారుకి విప్పాక చూస్తే వెనక ప్యానెల్ లోపలికి వంగి ఉంది. ఇంకో 2,300. ముందే "ఇంతటితో సరి" అని సంతకం పెట్టి ఉంటే అది నా నెత్తిన పడేది. మేము రాసుకున్న కాగితంలో తేదీ, రెండు బండ్ల నంబర్లు, ఎస్టిమేట్ మొత్తం, దాని కింద "విప్పాక బయటపడే దెబ్బ అదనం" అని ఒక లైను ఉంది. ఆ ఒక్క లైనే కాపాడింది. అతని ముందే మేస్త్రీతో విప్పించాను, కళ్లారా చూశాడు కాబట్టి అనుమానపడలేదు.

డబ్బు నా ఖాతాలోకి తీసుకోలేదు. పని మొదలుపెట్టే ముందు సగం, డెలివరీకి ముందు మిగతాది షెడ్డు యూపీఐకే వేయమన్నాను, బిల్లు ఇద్దరికీ ఇప్పించాను. అవకాశం దొరికింది కదా అని పాత గీతలకు కూడా అతనితో పెయింట్ వేయించుకోవడం తప్పు. నా ఎడమ డోర్ మీద పాత గీత ఉంది, అది అలాగే ఉంచాను.

కారు రాత్రిపూట తెచ్చుకోకండి. పెయింట్ కలిసిందో లేదో ఎండలోనే తెలుస్తుంది. డిక్కీ నాలుగుసార్లు తెరిచి మూయండి, పైన నీళ్లు పోయించి లోపలికి కారుతున్నాయేమో చూడండి, బ్రేక్ లైట్ వెలుగుతోందో పక్కవాళ్లను చూడమనండి. మిగతా డబ్బు అప్పుడే వేయించండి.