సెకండ్ హ్యాండ్ లగ్జరీ సెడాన్ కొనే ముందు ఏమేం చూడాలి

కొత్తగా ఉన్నప్పుడు ఆన్‌రోడ్ 60 లక్షల రూపాయల దాకా పలికిన బీఎండబ్ల్యూ 5 సిరీస్, మెర్సిడెస్ ఈ క్లాస్, ఆడీ ఏ6 వంటి కార్లు ఎనిమిది తొమ్మిదేళ్లు తిరిగేసరికి ఒక మామూలు కొత్త ఎస్‌యూవీ ధరకే దొరుకుతుంటాయి. హైదరాబాద్‌లో పాత కార్లు అమ్మే ఏ షెడ్డుకు వెళ్లినా ఇలాంటివి వరుసగా తళతళలాడుతూ కనిపిస్తాయి. అయితే కారు ధర పడిపోయినంత మాత్రాన దాని విడిభాగాల ధర పడిపోదు. 15 లక్షలకు కొన్న కారుకు కూడా హెడ్‌లైట్, గేర్‌బాక్స్, ఎయిర్ సస్పెన్షన్ అన్నీ 60 లక్షల కారు ధరలకే వస్తాయి. అందుకే ఇక్కడ పరీక్షించవలసింది కంపెనీ పేరును కాదు, ఇంతకుముందు ఆ కారును ఉంచుకున్నవాళ్లు దాని మీద పెట్టవలసిన ఖర్చు పెట్టారా, వాయిదా వేశారా అన్న విషయాన్ని. ఒకే ఏడాది తయారైన ఒకే మోడల్ కార్లు రెండింటిలో ఒకటి నిక్షేపంలా, మరొకటి గుదిబండలా మారడానికి చాలా సందర్భాలలో కారణం ఇదే.

కారు చూడటానికి బయలుదేరే ముందే దాని ఛాసిస్ నంబరు అడిగి తీసుకోవాలి. ఆ నంబరుతో కారు ఏ నెలలో తయారైందో, అందులో ఏ ఇంజిన్, ఏ గేర్‌బాక్స్ ఉన్నాయో తేలిపోతుంది. మోడల్ పేరు ఒకటే అయినా లోపలి యంత్రం మారిపోవడం ఈ కార్లలో మామూలే. ఉదాహరణకు 2010లో వచ్చిన ఎఫ్10 తరం బీఎండబ్ల్యూ 520డిలో మొదట ఎన్47 అనే డీజిల్ ఇంజిన్ ఉండేది, 2014 నుంచి దాని స్థానంలో బీ47 వచ్చింది. ఎన్47లో టైమింగ్ చైన్, అంటే ఇంజిన్ తిరుగుడుకు తగ్గట్టు వాల్వులను నడిపే గొలుసు, ఇంజిన్ ముందువైపు కాక వెనుక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. ముఖ్యంగా మొదటి ఏళ్ల ఇంజిన్లలో ఈ చైన్ సాగిపోవడం, తెగిపోవడం ప్రపంచమంతటా నమోదైన సమస్య. చైన్ ఖరీదు పెద్దది కాకపోయినా, దాన్ని మార్చాలంటే గేర్‌బాక్స్‌నో, మొత్తం ఇంజిన్‌నో దించాలి కాబట్టి కూలీయే భారమవుతుంది. నడుస్తుండగా తెగితే మాత్రం వాల్వులు, పిస్టన్లు ఢీకొని ఇంజినే పాడవుతుంది. అదే తరం కారును పెట్రోల్‌లో చూస్తున్నవారు ఎన్20 ఇంజిన్ గురించి తెలుసుకోవాలి. 2015కు ముందరి ఎన్20లలో చైన్‌ను పట్టి ఉంచే ప్లాస్టిక్ గైడ్లు పెళుసుబారి విరిగేవి.

మెర్సిడెస్ డబ్ల్యూ212 తరం ఈ క్లాస్‌లోని ఓఎం651 డీజిల్ ఇంజిన్‌లో కూడా చైన్ వెనుకవైపే ఉంటుంది, కానీ దాని తొలి కార్లకు చెడ్డపేరు తెచ్చినది చైన్ కాదు, డీజిల్‌ను సిలిండర్లలోకి చిమ్మే పీజో రకం ఇంజెక్టర్లు. కంపెనీ తర్వాత వాటి స్థానంలో సొలినాయిడ్ ఇంజెక్టర్లు అమర్చింది కనుక, మీరు చూస్తున్న కారులో ఆ మార్పు జరిగిందో లేదో బిల్లులలో వెతకాలి. ఆరు సిలిండర్ల ఓఎం642 ఇంజిన్ గల ఈ350 అయితే రెండు సిలిండర్ వరుసల మధ్య లోయలాంటి భాగంలో ఆయిల్ కూలర్ ఉంటుంది, దాని సీళ్లు అరిగి ఆయిల్ కారడం తెలిసిన జబ్బు. సీళ్లు చవక, అక్కడిదాకా చేరుకోవడమే ఖరీదు. ఆడీ ఏ6 విషయంలో గేర్‌బాక్స్ చూడాలి. మన దేశంలో 2015 నాటి మార్పులకు ముందు వచ్చిన 2.0 టీడీఐ కార్లలో మల్టీట్రానిక్ అనే సీవీటీ (విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్) ఉండేది, ఆ తర్వాత ఏడు గేర్ల ఎస్ ట్రానిక్ వచ్చింది. ఈ రెండింటిలో నేనైతే ముందుదాని జోలికి వెళ్లను. వేగం, హోదా అంత ముఖ్యం కాదనుకునేవారికి లెక్సస్ ఈఎస్ 300హెచ్ మంచి ఎంపిక అని నా అభిప్రాయం. టర్బో లేని పెట్రోల్ ఇంజిన్, టొయోటా హైబ్రిడ్ పద్ధతి ఉన్నందువల్ల అందులో చెడిపోగల వస్తువులే తక్కువ; అయితే అమ్మకానికి వచ్చేవి కొన్నే కాబట్టి ధర అంత సులువుగా దిగదు.

ఛాసిస్ నంబరు చేతిలో ఉండగానే రికాల్ సంగతి కూడా అడగాలి. 2018లో దక్షిణ కొరియాలో బీఎండబ్ల్యూ 520డి కార్లు వరుసగా మంటల్లో చిక్కుకున్నప్పుడు, ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లార్చే భాగం) నుంచి కూలెంట్ కారి మసితో కలిసి అంటుకోవడమే కారణమని తేలింది, ఆ తర్వాత అనేక దేశాలలో డీజిల్ కార్లను వెనక్కి పిలిచి ఆ భాగాన్ని మార్చారు. టకాటా అనే కంపెనీ తయారుచేసిన లోపమున్న ఎయిర్‌బ్యాగుల రికాల్ అనేక కార్ల కంపెనీలను తాకింది. మీ కారు మీద ఏ రికాల్ పని మిగిలి ఉందో ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్ చెప్పగలదు, ఆ పని ఉచితంగానే చేస్తారు.

ఇక కాగితాలు. వీటిని చదవడంలో తొందరపడకూడదు, ఎందుకంటే అబద్ధం చెప్పడం మనిషికి తేలిక, పదేళ్ల బిల్లులకు కష్టం. ఆథరైజ్డ్ సెంటర్‌లో చేయించిన సర్వీసులన్నీ తేదీ, కిలోమీటర్లతో సహా కంపెనీ కంప్యూటర్‌లో ఉంటాయి. యజమాని అడిగితే ఆ రికార్డు ప్రింటు ఇస్తారు కాబట్టి అమ్మేవారినే తెప్పించమనండి. అందులో సర్వీసులు జరిగాయా అన్నది మాత్రమే కాక, సలహా ఇచ్చినా యజమాని వద్దన్న పనులేమిటో చూడండి. బ్రేక్ డిస్కులు, ఇంజిన్ మౌంటింగులు, కూలెంట్ పైపులు అంటూ మూడు సర్వీసుల పాటు వాయిదా పడిన జాబితా కనిపిస్తే, అది మీ పేరున రాసిపెట్టిన బాకీ. వారంటీ ముగిసిన ఏడాది తర్వాత రికార్డు హఠాత్తుగా ఆగిపోతే బయటి గ్యారేజీ బిల్లులు అడగాలి. బయట చేయించడం తప్పు కాదు, బిల్లులు లేకపోవడమే అనుమానించదగ్గది.

ఆర్‌సీలో ఎన్నో యజమాని, బ్యాంకు హైపోథికేషన్ (కారు మీద తీరని అప్పు) ఇంకా ఉందా, చలాన్లు ఎన్ని అన్నవి పరివాహన్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. ఢిల్లీ నంబరు కార్లు మన దగ్గర విరివిగా కనిపించడానికి కారణం, అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ కార్ల మీద వచ్చిన ఆంక్షలు. అవి చవకగా కనిపించినా ఎన్‌ఓసీ తెచ్చుకుని, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టి, ఆర్టీఏ కార్యాలయంలో నంబరు మార్పించుకోవాలి గనుక ఆ మొత్తాన్ని ధరకు కలిపే లెక్క వేయాలి. ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్ శాతం చాలామంది పట్టించుకోని ఆధారం. క్లెయిమ్ లేకుండా గడిచిన ప్రతి ఏడాదికీ అది 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది, క్లెయిమ్ చేయగానే సున్నాకు పడుతుంది. ఎనిమిదేళ్లుగా ఒకే యజమాని దగ్గర ఉన్న కారుకు బోనస్ 20 శాతమే ఉంటే, ఈ మధ్యనే ఏదో క్లెయిమ్ జరిగిందన్నమాట. అది బంపర్ గీతా, ఇంజిన్‌లోకి నీరు చేరడమా అన్నది అడిగి, క్లెయిమ్ పత్రం చూపించమనాలి.

ఈ కార్లను మామూలు కార్ల నుంచి వేరు చేసే పరీక్ష స్కానింగ్. బీఎండబ్ల్యూకు ఇస్టా, మెర్సిడెస్‌కు జెంట్రీ, ఆడీకి ఓడిస్ అనే సాఫ్ట్‌వేర్లు ఉంటాయి. వాటితో ఇంజిన్ ఒక్కటే కాకుండా కారులోని కంట్రోల్ యూనిట్లన్నిటినీ చదివించాలి. మార్కెట్‌లో దొరికే, ఇంజిన్ లోపాలు చదివే చిన్న ఓబీడీ పరికరం ఇందుకు చాలదు. మీటరు వెనక్కి తిప్పేవారు సాధారణంగా డ్యాష్‌బోర్డు అంకెను మార్చి ఊరుకుంటారు, కానీ కిలోమీటర్ల లెక్క ఇతర యూనిట్లలోనూ ఉంటుంది. లోపం తలెత్తినప్పుడు అది ఎన్ని కిలోమీటర్ల దగ్గర వచ్చిందో కూడా మెమరీలో నమోదవుతుంది. మీటరులో 58,000 కనిపిస్తుండగా 1,12,000 దగ్గర వచ్చిన లోపం మెమరీలో ఉంటే, ఇక బేరంతో పని లేదు. లోపాలేవీ లేకుండా మెమరీ పూర్తిగా శుభ్రంగా ఉన్నా మురిసిపోకూడదు. ఎనిమిదేళ్ల కారులో ఏదో ఒక చిన్న లోపం నమోదై ఉండటం సహజం. పైగా ఉద్గారాల స్వీయ పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని స్కానర్ చూపిస్తే, మీరు వచ్చే ముందే ఎవరో మెమరీని తుడిచి ఉండవచ్చు. అలాంటప్పుడు ఒకటి రెండు రోజులు కారును తిప్పించి మళ్లీ చదివించాలి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 డీజిల్ కారైతే డీపీఎఫ్‌లో (పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో) ఎంత మసి, ఎంత బూడిద పేరుకున్నాయో అదే స్కానర్‌తో చూడవచ్చు. చిన్న దూరాలలో ఆ మసి సరిగ్గా కాలిపోదు కాబట్టి, బంజారాహిల్స్ నుంచి జూబ్లీహిల్స్ దాకా మాత్రమే తిరిగిన డీజిల్ కారు, విజయవాడ హైవే మీద పరుగెత్తిన కారు కంటే ఈ విషయంలో అధ్వానంగా ఉండవచ్చు.

కారును చూడటానికి పొద్దున్నే వెళ్లండి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేసి చూడాలి, వెచ్చగా ఉంటే మర్నాడు రావడం మేలు. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కారు రాత్రంతా నిలబడి ఒక మూల కుంగిపోయి ఉంటే ఆ సస్పెన్షన్‌లోని గాలి సంచి కారుతోంది, కంప్రెసర్ కూడా అదనంగా శ్రమించి అరిగి ఉంటుంది. ఇగ్నిషన్ ఆన్ చేసిన క్షణంలో డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే దాన్ని ఎవరో కావాలని తీసేసి ఉండవచ్చు. చల్లని ఇంజిన్ స్టార్టయిన మొదటి అరనిమిషమే విలువైనది. గొలుసు గీసుకుంటున్నట్లు గరగరమనే శబ్దం ఇంజిన్ వెనుకభాగం నుంచి వస్తే, అమ్మే వ్యక్తి “డీజిల్ బండి కదండీ, ఆ మాత్రం ఉంటుంది” అంటాడు. అలా ఉండకూడదు. అనుభవం ఉన్న మెకానిక్‌ను వెంట తీసుకువెళ్లవలసినది ముఖ్యంగా ఈ శబ్దం కోసమే.

నీట మునిగిన కార్ల గురించి మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2020 అక్టోబరు వరదలలో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి, వాటిలో కొన్ని శుభ్రపడి తిరిగి మార్కెట్‌కు వచ్చాయి. మామూలు కారు నీళ్లలో తడిస్తే కొన్నిసార్లు ఆరబెట్టి నడిపించవచ్చు. ఈ కార్లలో సీట్ల కింద, డిక్కీ అడుగున కంట్రోల్ యూనిట్లు, వైరింగ్ ఉంటాయి, 5 సిరీస్‌లో బ్యాటరీ కూడా డిక్కీలోనే ఉంటుంది. తుప్పు నెమ్మదిగా పాకి ఆరు నెలల తర్వాత ఒక్కో దీపం వెలగడం మొదలవుతుంది. సీటు బెల్టును చివరిదాకా లాగి బురద చారలున్నాయేమో చూడండి, సీట్ల బోల్టులకు తుప్పు ఉందేమో చూడండి, డిక్కీలో తివాచీ ఎత్తి లోపలి ఫోమ్ తడిగా ఉందేమో వేలితో నొక్కి చూడండి. కారులో అగరు వాసనో, ఘాటైన సెంటు వాసనో గుప్పుమంటే నాకు ముందుగా ముక్కిన వాసనే గుర్తుకొస్తుంది.

లోపలి అరుగుదలను అంచనా వేసేటప్పుడు డ్రైవరు సీటునే చూసి ఊరుకోవడం పొరపాటు. 2017లో మన దేశానికి వచ్చిన పొడుగు ఈ క్లాస్‌ను చాలామంది యజమానులు వెనుక సీటులో కూర్చుని తిరగడానికే కొన్నారు. అందువల్ల వెనుక సీటు తోలు, దాని మోటార్లు, వెనుక ఏసీ ఎలా ఉన్నాయో చూస్తే కారు ఎంత తిరిగిందో తెలుస్తుంది. టైర్ల పక్కన చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి: 2319 అంటే 2019లో 23వ వారం. నాలుగు టైర్లు నాలుగు చవక కంపెనీలవైతే, ఆ యజమాని కంటికి కనిపించే చోటే పిసినారితనం చూపించాడు, కనిపించని గేర్‌బాక్స్ ఆయిల్ మార్చి ఉంటాడని నేను నమ్మను.

నడిపి చూడటానికి రెండు కిలోమీటర్లు చాలవు. ముందు ట్రాఫిక్‌లో, ఏసీ పూర్తిగా వేసి, ఇరవై నిమిషాలు ఆగుతూ కదులుతూ నడిపితే కూలింగ్ వ్యవస్థ బలం తెలుస్తుంది. తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి స్థిరమైన వేగంలో స్టీరింగ్ వణుకు, గాలి చప్పుడు, బ్రేకు వేసినప్పుడు పక్కకు లాగడం గమనించాలి. 5 సిరీస్‌లోని జడ్‌ఎఫ్ ఎనిమిది గేర్ల గేర్‌బాక్స్ మంచిదే, కానీ అందులోని ఆయిల్ జీవితాంతం మార్చనక్కర్లేదని కార్ల కంపెనీ చెప్పగా, దాన్ని తయారుచేసిన జడ్‌ఎఫ్ 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. నేను తయారుచేసినవారి మాటే వింటాను. వేగం తగ్గించి ఆగబోయేటప్పుడు మూడు నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి దిగే చోట కుదుపు వస్తే ఆ ఆయిల్ బిల్లు ఉందేమో అడగాలి.

ఇవన్నీ సరిపోయినా, కొన్న ధరలో పది పదిహేను శాతం మొదటి ఏడాది పనుల కోసం విడిగా ఉంచుకోలేనివారు ఈ తరగతి జోలికి రాకపోవడమే మంచిదని నా సలహా. అడ్వాన్సు ఇచ్చే ముందు రెండో తాళం చేతికి తీసుకుని దానితోనూ కారు స్టార్టవుతుందో చూడండి. బీఎండబ్ల్యూ తాళంలో చివరిగా వాడినప్పటి కిలోమీటర్లు నిక్షిప్తమై ఉంటాయి, సర్వీస్ సెంటర్‌లో దాన్ని చదివించవచ్చు. మీటరు తిప్పినవారు ఇంట్లో సొరుగులో పడి ఉన్న ఆ రెండో తాళాన్ని మరచిపోతుంటారు.