పాత ఫోర్క్‌లిఫ్ట్ టైర్ల తంటాలు: లక్షణం చూసి కారణం పట్టుకోండి

గ్రానైట్ యూనిట్లలో, రైస్ మిల్లుల్లో పాత 3 టన్నుల డీజిల్ ఫోర్క్‌లిఫ్టులు ఇంకా బోలెడు తిరుగుతున్నాయి. ఇంజను బాగుంటే చాలు, టైర్లు ఎవరికీ పట్టవు. కానీ ఈ బండికి స్ప్రింగులుండవు, షాకబ్జర్లుండవు, నేలకీ లోడుకీ మధ్య ఉన్నది ఆ రబ్బరొక్కటే.

లోడు పైకెత్తితే ఓ పక్కకి ఒరుగుతోంది
మాస్ట్ (ఫోర్కులు పైకీ కిందికీ కదిలే నిలువు స్తంభం) వంగిందనో చైను సాగిందనో తేల్చేముందు, ముందు టైర్లు రెండిటి ఎత్తూ టేపుతో కొలవండి. ఒకటి కొత్తది, ఒకటి అరిగినది వేసి ఉంటారు, లేదా ఒకదాంట్లో గాలి తగ్గి ఉంటుంది. చక్రాల మధ్య దూరం మీటరు అనుకుంటే, ఒక పక్క 10 మిల్లీమీటర్లు దిగితే 4 మీటర్ల ఎత్తులో లోడు 40 మిల్లీమీటర్లు పక్కకి జరుగుతుంది. గాలి సరిచేసినా తేడా ఉంటే రెండూ కలిపి మార్చండి. ఒక్కటే మారిస్తే ఖర్చు మిగిలినట్టే ఉంటుంది గానీ డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ ఇంజను శక్తిని పంచే గేరు పెట్టె) మీద భారం పడుతుంది.

నడుస్తుంటే దడదడ
లోడుతో రోజుల తరబడి ఒకేచోట నిలిపిన బండికి టైరు ఓ పక్క చదునైపోతుంది. ముక్కలు ఊడినా ఇదే చప్పుడు. సాలిడ్ టైరు (గాలి లేకుండా మొత్తం రబ్బరుతో చేసినది) పక్కన 60 జె (60J) అని గీత ఉంటే, రబ్బరు అంతవరకూ అరిగిందంటే ఇక వాడకండి.

స్టీరింగ్ బరువుగా ఉంది
వెనక టైర్లలో గాలి, కింగ్‌పిన్నుల్లో (స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే ఇరుసుల్లో) గ్రీజు చూడండి. చాలాసార్లు అంతే.

మాటిమాటికీ పంక్చర్
గ్రానైట్ చెక్కులున్న యార్డులో గాలి టైరు నిలవదు, సాలిడ్‌కి మారడమే మేలు. కాకపోతే ఉన్న టైరు మీద సైజు చూసి ఆర్డరివ్వకండి. ఈ తరగతి బండికి సాధారణంగా ముందు 28×9-15, వెనక 6.50-10 ఉంటాయి గానీ, చేతులు మారిన బండికి ఎవరు ఏ రిమ్ము వేశారో చెప్పలేం. బండికి కంపెనీ బిగించిన వివరాల ప్లేటు మీదున్నదీ రిమ్ము మీదున్నదీ సరిపోవాలి. సాలిడ్ ఎక్కించడానికి హైడ్రాలిక్ ప్రెస్ కావాలి, సమ్మెటతో అయ్యే పని కాదు. ఎక్కువ దూరం వేగంగా నడిపితే లోపల వేడెక్కి పాడవుతుందని డ్రైవరుకీ చెప్పండి.

విప్పేటప్పుడు
అసలు ప్రమాదం రిమ్ములో ఉంది. పాత బండ్లకి రెండు ముక్కలు బోల్టులతో బిగించిన రిమ్ములు గానీ, లాక్ రింగు (టైరు ఊడకుండా పట్టి ఉంచే ఇనప చుట్టు) ఉన్న రిమ్ములు గానీ ఉంటాయి. లోపల గాలి 100 పీఎస్ఐ దాటి కూడా ఉండొచ్చు. చక్రాన్ని హబ్బుకి పట్టే నట్లు వేరు, రిమ్ము ముక్కల్ని కలిపి పట్టే నట్లు వేరు. గాలి ఉండగా రెండోవి విప్పితే ముక్క ఎగిరొచ్చి మనిషి ప్రాణం తీస్తుంది. అందుకే బండి మీద ఉండగానే, ఏ నట్టూ ముట్టుకోకముందే వాల్వ్ పిన్ను తీసి గాలంతా వదిలేయండి, రంధ్రంలో సన్నటి తీగ పెట్టి చూడండి. తుప్పు అడ్డుపడి గాలి అయిపోయినట్టు కనిపించడం మామూలే.

జాకీ విషయంలో, 3 టన్నుల ఫోర్క్‌లిఫ్ట్ ఖాళీగానే 4 టన్నుల పైన తూగుతుందని మర్చిపోవద్దు. గట్టి చదునైన నేల మీద పెట్టి, ఫోర్కులు కిందికి దించి, మిగతా చక్రాలకి అడ్డు పెట్టి, లేపాక గట్టి చెక్క దిమ్మెలు కింద పెట్టాకే చెయ్యి లోపలికి పోవాలి.

లాక్ రింగు వంగినా, పగులు కనిపించినా పారేయండి. వెల్డింగ్ చేయించొద్దు, వేరే రిమ్ము రింగు తెచ్చి అతికించొద్దు. చక్రాన్ని ఇనప పంజరంలో పెట్టి, పొడవు పైపుతో, పక్కన నిలబడి గాలి పట్టండి.

బిగించాక నట్లు వదులవుతున్నాయి
నట్టు కూర్చునే చోట తుప్పో పెయింటో ఉండిపోయింది. వైర్ బ్రష్‌తో గీకి, ఎదురెదురు వరసలో మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించి, కొన్ని గంటలు పనిచేశాక మళ్ళీ చూడండి. సాలిడ్ వేస్తే టైరు నుంచి రిమ్ము మీదికి సుద్దముక్కతో ఓ గీత గీయండి. షిఫ్టు అయ్యేసరికి గీత విడిపోయిందంటే టైరు రిమ్ము మీద జారుతోందన్నమాట, వెంటనే బండి ఆపి వేసినవాళ్ళ దగ్గరికే తీసుకెళ్ళండి.