ట్రెక్కింగ్ షూ లోపలికి నీళ్లొస్తున్నాయా? పారేసే ముందు ఇది చూడండి

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన తిరుపతి చుట్టుపక్కల వానలు గట్టిగా పడతాయి కదా, తలకోనకో నాగలాపురానికో పోయొచ్చినోళ్లు అప్పుడు అడిగేది ఒకటే, వాటర్‌ప్రూఫ్ అంటే వేలు పోసి కొన్నాం, ఇప్పుడు సాక్సులన్నీ తడిసిపోతున్నాయి, ఇంక పారేయాల్సిందేనా అని. చాలాసార్లు అక్కర్లేదు. ముందు ఆ తడి బయట్నుంచి వస్తోందా, మీ చెమటా అన్నది తేల్చుకోండి.

షూ పైన నీళ్లు నిలవకుండా జారిపోయే కోటింగ్ ఒకటి ఉంటుంది, లోపల గోర్‌టెక్స్ లాంటి పల్చటి పొర ఇంకొకటి, అది నీళ్లని ఆపి చెమట ఆవిరిని మాత్రం బయటికి వదులుతుంది. బురదకి, రాపిడికి ముందు పోయేది పై కోటింగే. అది పోతే పైగుడ్డ నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది, లోపలి పొర బాగానే ఉన్నా చెమట ఆవిరి బయటికి పోయే దారి లేక లోపలే నిలిచిపోతుంది, మనమేమో లీకు అనుకుంటాం. మన ఉక్కపోతకి ఇది ఇంకా ఎక్కువ.

తేల్చుకోవడం సులభం. షూలో పొడి న్యూస్‌పేపర్ కుక్కి, తేలకుండా లోపల ఓ రాయి పెట్టి, టబ్బు నీళ్లలో అరగంట ఉంచండి, నీళ్లు మాత్రం షూ పై అంచు దాటకూడదు. పేపర్ ఎక్కడ తడిస్తే లీకు అక్కడే. అస్సలు తడవకపోతే పోయింది కోటింగే.

కోటింగ్ అయితే లేసులు, ఇన్‌సోల్ తీసేసి గోరువెచ్చని నీళ్లు, మెత్తటి బ్రష్‌తో బురదంతా వదిలించండి. బట్టల సర్ఫ్ వద్దు, దాని జిడ్డు మిగిలిపోయి నీళ్లని ఇంకా లాగుతుంది. తర్వాత వాటర్‌ప్రూఫింగ్ స్ప్రే. నిక్‌వాక్స్ లాంటివి షూ తడిగా ఉన్నప్పుడే కొట్టాలి, కొన్ని ఆరాక కొట్టాలి, డబ్బా మీద చదివి చేయండి. నున్నటి లెదర్‌కి వ్యాక్స్ బాగుంటుంది, స్వేడ్‌కి, అంటే పైన నూగులా ఉండే లెదర్‌కి మాత్రం స్ప్రేనే. కొబ్బరినూనె రాయమని చెప్పేవాళ్లుంటారు, వినొద్దు, లెదర్ మెత్తబడి సాగిపోతుంది.

ఇక ఆరబెట్టడం, ఎక్కువ షూలు పాడయ్యేది ఇక్కడే. మిద్దె మీద ఎండలో పెట్టేస్తారు, మన ఎండకి సోల్ గమ్ వదిలేస్తుంది, లెదర్ పగులుతుంది. లోపల పేపర్ కుక్కి, తడిసినప్పుడల్లా మారుస్తూ, నీడలో ఫ్యాన్ కింద పెట్టండి, ఒక రోజు ఎక్కువ పట్టినా పర్లేదు.

సోల్ అంచు ఊడి నీళ్లొస్తుంటే బాగా ఆరాక గరుకు కాగితంతో రుద్ది, షూ గమ్ పెట్టి, తాడుతో బిగించి ఒక రోజు వదిలేయండి. చెప్పులు కుట్టే ఆయన దగ్గర కుట్టు వేయిస్తే గట్టిగానే ఉంటుంది గానీ సూది దిగిన ప్రతి చిల్లూ నీళ్లకి దారే, సూది లోపలి పొరలో దిగితే ఇంక వాటర్‌ప్రూఫ్ అన్న మాట మర్చిపోవాల్సిందే. ఆ పొర చిరిగితే ఇంట్లో బాగుచేయలేం, అలాంటి షూని హార్స్‌లీ హిల్స్ మాదిరి పొడి దారులకి వాడుకోండి. సోల్ మధ్యలో నురుగు భాగం బొటనవేలితో నొక్కితే పొడిపొడిగా రాలుతోందంటే మాత్రం దయచేసి అడవిలోకి వేసుకెళ్లొద్దు, దారి మధ్యలో సోల్ మొత్తం ఊడిపోతుంది.

నాగలాపురం సంగతి వేరే. అక్కడ వాగులో దిగి నడవాల్సిందే, నీళ్లు షూ పైనుంచే వస్తాయి, ఎంత మంచి వాటర్‌ప్రూఫ్ అయినా లోపలికొచ్చిన నీళ్లని బయటికి పోనివ్వదు. గ్రిప్ బాగున్న మెష్ షూ, అంటే నీళ్లు బయటికి పోయేలా జల్లెడ గుడ్డతో చేసింది వేసుకోండి, బ్యాగులో కవర్లో చుట్టి ఒక జత పొడి సాక్సులు పెట్టుకోండి.