తప్పు ఎక్కడ పుట్టిందో చూడండి: హైస్కూల్ లెక్కల క్లాసుకి సమస్య - పరిష్కారం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిది నుంచి పది దాకా లెక్కలు చెబుతాను. డీఎస్సీలో ఎంపికై కంచిలి, కవిటి, మందస వైపు కొత్తగా వచ్చే మాస్టార్లు, మేడమ్‌లు అడిగేవి ఏటా ఇంచుమించు ఇవే. నా జవాబులు లెక్కల క్లాసువి. సైన్స్, సోషల్ వాళ్లు తమకి పనికొచ్చినంత తీసుకోండి.

"అర్థమైందా?" అంటే "అయింది మాస్టారూ!" అంటారు, రఫ్ నోట్సు మాత్రం ఖాళీ

కారణం పిల్లల్లో లేదు, ప్రశ్నలో ఉంది. "అర్థమైందా?" అంటే క్లాసంతా కోరస్‌గా "అయింది" అంటుంది. "కాలేదు" అని నలభై మంది మధ్యలో లేచి చెప్పాలంటే పెద్దవాళ్లకే ధైర్యం చాలదు.

ఆ ప్రశ్న మానేయండి. "మొదటి మెట్టు ఏటో అందరూ రాయండి, నోటితో ఎవరూ చెప్పొద్దు" అనండి. ఒక నిమిషం బెంచీల మధ్య తిరిగితే ఎవరికి వచ్చిందో, ఎవరు పక్క నోట్సు చూస్తున్నారో తెలిసిపోతుంది. నోటితో అడిగేటప్పుడు ముందు ప్రశ్న వేసి, కాస్త ఆగి, ఆ తర్వాతే పేరు పిలవండి. పేరు ముందే పిలిస్తే మిగతా వాళ్లంతా హాయిగా రెస్ట్ తీసుకుంటారు. ఆగడం గురించి మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలోనే చూపించారు. టీచర్లు ప్రశ్న అడిగాక ఆగేది దాదాపు ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లు చేస్తే జవాబులు పొడవవుతాయి, ఎప్పుడూ నోరెత్తని పిల్లలు కూడా మాట్లాడతారు. మూడు సెకన్ల నిశ్శబ్దం మొదట్లో మనకే టెన్షన్‌గా ఉంటుంది. మనసులో లెక్కపెట్టుకోండి.

బోర్డు మీద 6 ఉంటే నోట్సులో 8 రాస్తాడు

"శ్రద్ధ లేదు" అనే ముందు ముందు బెంచీలో కూర్చోబెట్టి చూడండి. తప్పులు తగ్గాయంటే సమస్య కళ్లది. పిల్లల ఆరోగ్యం పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం టీమ్ బడికి వచ్చినప్పుడు ఆ పిల్లల పేర్లు మీరే ముందుగా రాసి ఇవ్వండి. అద్దాలు వచ్చాక పెట్టుకుంటున్నారో లేదో కూడా కన్నేసి ఉంచాలి, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో. ఎవరో ఒకరు వెక్కిరించగానే అవి బ్యాగులోకి పోతాయి.

−3−5 ఎంత అంటే ఒకడు 8 అంటాడు, ఇంకొకడు −2 అంటాడు

ఇక్కడ కాస్త ఆగుదాం. తొమ్మిదిలో, పదిలో బీజగణితం కుప్పకూలేది ఎక్కువగా ఇక్కడే. ఇద్దరిదీ తప్పే, కానీ ఒకే తప్పు కాదు. ఇద్దరికీ కలిపి రూలు మళ్లీ చెబితే ఇద్దరికీ ఉపయోగం ఉండదు.

8 అన్నవాడిని ఎలా వచ్చిందో అడగండి. "రెండు మైనస్‌లు కలిస్తే ప్లస్ కదా మాస్టారూ" అంటాడు. అది గుణకారం రూలు. వాడు దాన్ని కూడికలోకి లాక్కొచ్చాడు. అనుమానం తీరాలంటే మూడు లెక్కలు పక్కపక్కన ఇవ్వండి: −3−5, (−3)×(−5), −3+5. మొదటిదానికి 8, రెండోదానికి 15, మూడోదానికి −8 రాశాడంటే మూడింటికీ ఒకే రూలు వాడుతున్నట్టు. వాడి లెక్కలో వాడు కరెక్టే, రూలు చోటు తప్పిందంతే.

−2 అన్నవాడిది వేరే కథ. "గుర్తులు వేరైతే తీసెయ్, పెద్దదాని గుర్తు పెట్టు" అన్నది సగం గుర్తుంది. ఇక్కడ రెండు గుర్తులూ ఒకటే అన్నది చూడలేదు. మైనస్ కనబడగానే 5 లోంచి 3 తీసేసి, ముందు ఒక మైనస్ తగిలించాడు.

మొదటివాడికి కిరాణా కొట్టు ఖాతా పుస్తకం చాలు. కొట్టులో ఇప్పటికే 3 రూపాయల అప్పుంది. మళ్లీ 5 రూపాయల సరుకు అరువు తెచ్చారు. ఇప్పుడు షావుకారు దగ్గర మీ డబ్బు 8 రూపాయలు జమ ఉందా, మీరే 8 బాకీయా? ఇది అడిగితే ఉద్దానంలో ఏ పిల్లాడూ తప్పు చెప్పడు. తర్వాత కొన్ని రోజులు ప్రతి లెక్క ముందూ "ఇక్కడ గుణకారం ఉందా, లేదా?" అని ముందు చెప్పించి, ఆ తర్వాతే చేయించండి.

రెండోవాడికి మాటలు వద్దు. వరండాలో సుద్దతో సంఖ్యారేఖ గీసి −3 మీద నిలబెట్టండి. "ఇంకా 5 తగ్గాలి, ఎటు నడుస్తావు?" కుడివైపు కాలు వేశాడంటే కారణం అక్కడే దొరికింది. ఎడమకి అయిదు అడుగులు వేయించండి, −8 దగ్గర ఆగుతాడు.

ఇక మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకని ఎవరైనా అడిగితే "అది రూలు" అని తప్పించుకోవద్దు. బోర్డు మీద కిందకి రాయండి: 3×(−5) = −15, 2×(−5) = −10, 1×(−5) = −5, 0×(−5) = 0. జవాబు ప్రతిసారీ 5 పెరుగుతోంది. ఆ కింద (−1)×(−5) రాసి సుద్దముక్క పిల్లల చేతికివ్వండి. 5 అని వాళ్లే రాస్తారు.

(a+b)² = a²+b² అని రాసేవాళ్లది కూడా ఇదే జబ్బు. 2(a+b) = 2a+2b అని నేర్చుకున్నారు కాబట్టి స్క్వేర్‌ని కూడా అలాగే లోపలికి పంపేస్తారు. 3, 4 పెట్టి చూడమనండి. ఒకవైపు 49, ఇంకోవైపు 25. మిగిలిన 24 ఎక్కడికి పోయింది? 7×7 గళ్ల చదరం గీసి, అందులో 3×3, 4×4 ముక్కలకి రంగు వేయిస్తే మిగిలిపోయిన రెండు 3×4 దీర్ఘచతురస్రాలు కనిపిస్తాయి. 2ab అవే.

వాక్యరూప లెక్క చూడగానే అందులో అంకెలు ఏరి కూడేస్తారు

ఇది మన జిల్లాకే పరిమితం కాదు. 1980 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో 97 మంది పిల్లలకి ఒక లెక్క ఇచ్చారు. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, సరంగు వయసెంత? 76 మంది ఆ అంకెలతోనే ఏదో ఒక వయసు తేల్చేశారు. బళ్లో ఇచ్చిన లెక్కకి జవాబు ఉండి తీరాలని, ఇచ్చిన అంకెలన్నీ వాడాలని పిల్లలు నమ్ముతారు. నెలకోసారి ఇలాంటి జవాబు లేని లెక్క ఒకటి ఇవ్వండి. "మాస్టారూ, ఇది తప్పు లెక్క" అన్నవాడిని మెచ్చుకోండి.

రెండో కారణం భాష. పుస్తకం ఇంగ్లిష్, పక్క పేజీలో తెలుగు. ఆ తెలుగు కూడా పిల్లల ఇంట్లో వినపడే తెలుగు కాదు. అందుకని పెన్ను పట్టించే ముందు పుస్తకం మూయించి, లెక్కని సొంత మాటల్లో కథలా చెప్పించండి. ఉదాహరణకి, ఒక వ్యాపారి 80 కిలోల జీడిపిక్కల బస్తా 12,000 రూపాయలకు కొన్నాడు. ఎండబెడితే 5 కిలోలు తగ్గింది. నష్టం రాకుండా కిలో కనీసం ఎంతకు అమ్మాలి? చాలామంది 80తో భాగించి 150 అంటారు. మొన్న ఒక పిల్ల లేచి ఇలా చెప్పింది: "బస్తా పన్నెండు వేలకి కొనీసినాడు మాస్టారూ, ఎండబెడితే అయిదు కిలోలు ఎగిరిపోనాది, ఇంక ఆడి దగ్గర డెబ్బై అయిదే ఉన్నాయి." లెక్క అక్కడితో అయిపోయినట్టే, 160.

ఆ యాసకి క్లాసులో ఎవరూ నవ్వకుండా చూసుకోవడం మన బాధ్యత. నవ్వారంటే ఆ పిల్ల మళ్లీ నోరు విప్పదు. వాడుక భాష కోసం జీవితమంతా పోట్లాడిన గిడుగు రామమూర్తి పంతులు పుట్టింది మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, 1863 ఆగస్టు 29న. 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరారు. సవర గిరిజన పిల్లలకి చదువు చెప్పడానికి ముందు తానే సవర భాష నేర్చుకున్నారు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేసి, 30న పిల్లల యాసని దిద్దుతూ కూర్చుంటాం.

హోంవర్క్ అందరిదీ ఒకేలా, తప్పులతో సహా

ప్రార్థనకి ముందు వరండాలో ఒక నోట్సు చుట్టూ పదిమంది కనిపిస్తే, మీరు ఇచ్చిన పని ఎక్కువైంది, ఇంటి దగ్గర అడగడానికి మనిషి లేడు అని అర్థం. పది లెక్కల బదులు మూడు ఇవ్వండి. నాలుగోది మీరే తప్పుగా చేసి ఇచ్చి, "తప్పు ఏ మెట్టులో ఉంది, ఎందుకు?" అని రాయమనండి. ఇది కాపీ కొట్టినా పక్కవాడి వివరణ చదవాల్సి వస్తుంది, ఆ మేరకు లాభమే.

ఎఫ్ఏలో (మధ్యమధ్య పెట్టే చిన్న పరీక్ష) మార్కులు, ఎస్ఏలో (టర్మ్ చివరి పెద్ద పరీక్ష) సున్నాలు

చాప్టర్ అయిన వెంటనే పరీక్ష పెట్టాం, మళ్లీ ముట్టుకోలేదు. మర్చిపోవడం మామూలే. పీరియడ్ మొదటి అయిదు నిమిషాలు బోర్డు మూల మూడు లెక్కలు రాయండి: నిన్నటిది, పోయిన వారానిది, పోయిన నెలది. సిలబస్ వెనకబడుతుందని భయపడతారు గానీ, రివిజన్‌లో అంతకంత తిరిగొస్తుంది.

వెనక బెంచీల గోల

పని ముందే అయిపోయిన వాళ్లు ఇద్దరు, అసలు మొదలే పెట్టని వాళ్లు నలుగురు. మొదటి ఇద్దరికీ కష్టమైన లెక్క ఒకటి జేబులో సిద్ధంగా ఉంచుకోండి, నలుగురి దగ్గరికీ మీరు వెళ్లండి. కర్ర సంగతి అడగొద్దు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనీ, మానసిక వేధింపునీ రెండింటినీ నిషేధించింది. నలుగురి ముందు "నీకు చదువు రాదురా" అనడం కూడా అందులోకే వస్తుంది.

వారంలో అవే రోజులు రాడు

హాజరు యాప్‌లో మొత్తం శాతం చూస్తే ఏమీ తెలియదు. పాత పద్ధతిలో కాగితం మీద ఒక్క పిల్లాడిది నెల రోజులకి గళ్లు గీసి చూడండి. విడివిడిగా ఉన్న గైర్హాజరుకీ, వరసలో ఉన్నదానికీ కారణాలు వేరు. సంక్రాంతి తర్వాత ఒక్కసారిగా మాయమైతే పండక్కి వచ్చిన అమ్మానాన్నలతో హైదరాబాదో చెన్నైయో వెళ్లి ఉంటాడు. మార్చి, ఏప్రిల్‌లో ఉదయాలు రాకపోతే జీడితోట. మా దగ్గర తొమ్మిదిలో ఒకడు వారంలో రెండు రోజులు రాడు, ఎప్పుడూ అవే రెండు. తాతని డయాలసిస్‌కి తీసుకెళ్లేది వాడే. అమ్మానాన్న ఊళ్లో లేరు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఇలాంటి ఇల్లు వెతుక్కోనక్కర్లేదు.

ఫోన్ చేస్తే ఎత్తేది నానమ్మో అమ్మమ్మో. ఫిర్యాదుతో మొదలుపెడితే రెండోసారి ఫోన్ ఎత్తరు. "అమ్మా, మీ మనవడు మొన్న లెక్క బాగా చేసేడు" అని మొదటి ఫోన్ చేసి, రెండో ఫోన్‌లో అసలు సంగతి అడగండి. వలస వెళ్లేవాళ్లయితే వెళ్లకముందే సమగ్ర శిక్ష సీజనల్ హాస్టల్ గురించి హెడ్మాస్టర్ చేత మాట్లాడించండి, బస్సెక్కాక లాభం లేదు. డయాలసిస్ పిల్లాడి విషయంలో కొత్త పాఠం ఆ రెండు రోజుల్లో మొదలుపెట్టను, ఆ రోజులు ప్రాక్టీసుకి ఉంచుతాను. వాడి పక్క బెంచీ కుర్రాడు ఆ లెక్కలు ఒక కాగితం మీద రాసి సాయంత్రం ఇంటికి పట్టుకెళ్తాడు. తర్వాతి రోజు ప్రార్థన అయ్యాక అందులో రెండు నా ముందు చేస్తే చాలు.