ప్రశాంతపరచే సాధనతోనే క్లయింటుకు ఆందోళన పెరుగుతుంటే: సమస్య - పరిష్కారం

సమస్య: థెరపీ సెషన్‌లో కళ్లు మూసుకుని దీర్ఘంగా ఊపిరి తీసుకోమన్న కాసేపటికే క్లయింటుకు గుండెదడ, తల తేలిపోవడం, వేళ్లలో తిమ్మిరి మొదలవుతాయి, "ఇవి నాకు పనిచేయవండీ" అంటారు.

కారణం: దీన్ని సహకరించకపోవడంగా రాసుకునే థెరపిస్టులున్నారు గానీ, చాలాసార్లు ఇది శరీరధర్మమే. "దీర్ఘంగా" అనగానే ఆందోళనలో ఉన్నవారు అవసరానికి మించి గాలి పీలుస్తారు. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తిమ్మిరి పుడుతుంది, ఆ తిమ్మిరినే ప్రమాద సూచనగా తీసుకుని మనసు మరింత బెదురుతుంది. హింసకు గురైనవారి విషయంలో మరో కారణం కూడా ఉండవచ్చు: కళ్లు మూసి ఒళ్లు వదులు చేయడమంటే వారికి కాపలా వదిలేయడమే.

పరిష్కారం: ఊపిరి ఎంత లోతుగా తీసుకోవాలో చెప్పడం మాని, ఎంత నెమ్మదిగా వదలాలో చెప్పాలి. ఊపిరి తీసుకునేటప్పుడు గుండె వేగం కాస్త పెరుగుతుంది, వదిలేటప్పుడు వేగస్ నాడి (మెదడు నుంచి గుండెకు వెళ్లి దాని వేగాన్ని తగ్గించే నాడి) ప్రభావం వల్ల తగ్గుతుంది. అందువల్ల కళ్లు తెరిచే ఉంచి, మామూలు ఊపిరినే 4 సెకన్లు తీసుకుని 6 సెకన్లు వదలమనాలి. మొదటి రోజు ఒక్క నిమిషం చాలు. అదీ భరించలేకపోతే శ్వాస జోలికే పోకుండా, అరచేతులతో గోడను నెట్టడం, గదిలోని వస్తువుల పేర్లు చెప్పడం వంటివి చేయించాలి. గుండెదడ కొత్తగా మొదలైనదైతే, థైరాయిడ్ వంటి కారణాలు లేవని ముందు వైద్యుడు తేల్చాలి.

సమస్య: క్లయింటు కదలరు, చూపు ఎక్కడో ఉంటుంది, జవాబులు ఆలస్యంగా వస్తాయి.

కారణం: మనం ప్రశాంతత అని పొరబడి సంతోషించే స్థితి ఇదే. మనిషి ఉద్వేగాన్ని తట్టుకోగల పరిధిని దాటి పైకి పోతే ఉద్రేకం కలుగుతుంది, కిందికి జారితే మొద్దుబారడం కలుగుతుంది. రెండో స్థితిలో విశ్రాంతి సాధన చేయిస్తే మనిషి చుట్టూ ఉన్న వాస్తవానికి మరింత దూరమవుతారు.

పరిష్కారం: లేచి నిలబడమనాలి, నాలుగడుగులు వేయించాలి, చల్లని గ్లాసు చేతికివ్వాలి, ఈ రోజు తేదీ అడగాలి. బాధపెట్టే జ్ఞాపకాల చర్చ తరువాత సంగతి.

సమస్య: సెషన్‌లో కుదిరిన సాధన ఇంట్లో గొడవ జరిగేటప్పుడు గుర్తుకే రాదు.

కారణం: కలత తారస్థాయికి చేరినప్పుడు మాత్రమే ఆ సాధనను వాడబోవడం.

పరిష్కారం: కలతను 0 నుంచి 10 వరకు కొలవడం నేర్పి, అది 2 లేదా 3 ఉన్నప్పుడే రోజుకు రెండుసార్లు చేయించాలి. 3 దగ్గర అలవాటైన తరువాతే 5 దగ్గర ప్రయత్నించమనాలి. 9 దగ్గర మాత్రం ఆ చోటు నుంచి కాసేపు పక్కకు వెళ్లడమే ముందుగా నేర్పవలసిన పని.