తక్కువ ధర సేకరణ వస్తువులను విదేశాలకు పంపడం: చిన్న విక్రేత తెలుసుకోవలసినవి

పాత స్టాంపులు, పిక్చర్ పోస్టుకార్డులు, ట్రేడింగ్ కార్డులు, నాణేలు, బొమ్మకార్ల వంటి సేకరణ వస్తువులను ఆన్‌లైన్‌లో అమ్మేవారికి విదేశీ ఆర్డరు వచ్చినప్పుడు మొదట ఎదురయ్యేది లెక్క. వస్తువు ధర ఐదు డాలర్లు ఉండగా తపాలా ఖర్చు అంతకు రెట్టింపు కావచ్చు. దిగుమతి పన్ను వసూలు చేసిపెట్టినందుకు కొనుగోలుదారు దగ్గర తీసుకునే రుసుము ఆ రెండింటినీ మించిపోవచ్చు. వస్తువు చౌక కదా అని కాగితాల పని తగ్గదు. యాభై వేల డాలర్ల యంత్రానికి కస్టమ్స్ అధికారి అడిగే ప్రశ్నలనే, అంటే ఇది ఏమిటి, దేనితో చేశారు, ఎక్కడ తయారైంది, ఎంతకు అమ్మారు అనే వాటినే, ఐదు డాలర్ల పొట్లానికీ అడుగుతారు. తేడా ఒక్కటే: యంత్రం పంపేవారికి జవాబులు రాసిపెట్టే ఏజెంటు ఉంటాడు, చిన్న విక్రేత తానే రాసుకోవాలి.

ధర నిర్ణయించక ముందే తేల్చుకోవలసినది, ఆ వస్తువును అసలు పంపవచ్చా అన్నది. స్టాంపులు, పోస్టుకార్డులు, కార్డులతో సాధారణంగా చిక్కు ఉండదు. నాణేల విషయం వేరు. సార్వత్రిక తపాలా సంఘం ఒప్పందం ప్రకారం నాణేలు, కరెన్సీ నోట్లు, బంగారం, వెండి వంటివాటిని బీమా లేని తపాలాలో పెట్టడం మూలసూత్రంగా నిషిద్ధం. పంపే దేశపు, అందుకునే దేశపు చట్టాలు రెండూ అనుమతిస్తేనే మూసిన కవరులో రిజిస్టర్డ్‌గా పంపే వీలుంటుంది. చెలామణిలో లేని రాగి నాణెమే కదా అని సాధారణ కవరులో వేస్తే, అది పోయినప్పుడు పరిహారం అడిగే హక్కు కూడా పోతుంది. దంతం, తాబేటి చిప్ప, పగడం, కొన్ని రకాల ఈకలు ఉన్న వస్తువులు అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించేందుకు 1975 నుంచి అమలులో ఉన్న సైటీస్ ఒప్పందం పరిధిలోకి వస్తాయి కనుక, అనుమతి పత్రం లేని పాత దంతపు గుండీ కూడా ధరతో నిమిత్తం లేకుండా జప్తు కావచ్చు. తవ్వకాల్లో దొరికిన పాత నాణేలు, మట్టి పాత్రల ముక్కల వంటివాటి ఎగుమతిపై చాలా దేశాల్లో నిషేధం ఉంది. ఐరోపా సమాఖ్యలోనూ 250 ఏళ్లు దాటిన పురావస్తువుల దిగుమతికి 2025 జూన్ 28 నుంచి విలువ ఎంత తక్కువైనా సరే లైసెన్సు అవసరమవుతోంది. లిథియం బ్యాటరీ ఉన్న పాత ఎలక్ట్రానిక్ బొమ్మలకూ, సగం నిండిన అత్తరు సీసాలకూ విమాన రవాణా నిబంధనలు అడ్డు వస్తాయి. ఇలాంటి సరుకును విదేశీ అమ్మకం జాబితాలో చేర్చకపోవడమే మేలని నా అభిప్రాయం. తరువాత పడవలసిన తంటాకు ఆ లాభం సరిపోదు.

తరువాత సేవను ఎంచుకోవాలి. అంతర్జాతీయ తపాలాలో ఉత్తరం అంటే పత్రాలు మాత్రమే. అమ్మిన స్టాంపు ఎంత పలుచనిదైనా సరుకే అవుతుంది, కాబట్టి అది చిన్న ప్యాకెట్ అనే తరగతిలో, కస్టమ్స్ పత్రంతో వెళ్లాలి. ఈ తరగతిలో బరువు 2 కిలోలు దాటకూడదు. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 900 మిల్లీమీటర్లకు, ఏ ఒక్క వైపు చూసినా 600 మిల్లీమీటర్లకు మించకూడదు. చిరునామా రాసే వైపు 90కి 140 మిల్లీమీటర్ల కన్నా చిన్నదిగా ఉండకూడదు. చాలా తపాలా సంస్థల ధరలు మందంతో పాటు మారుతాయి. 20 మిల్లీమీటర్ల లోపు ఉన్న కవరుకూ, 21 మిల్లీమీటర్లు ఉన్న డబ్బాకూ మధ్య ఛార్జీలో కనిపించే తేడా ఒక్కోసారి వస్తువు ధర కంటే ఎక్కువ. ఒక అట్టముక్కలో సరిగ్గా 20 మిల్లీమీటర్ల వెడల్పున చీలిక కోసి పెట్టుకుని, మూసిన కవరును అందులోంచి దూర్చి చూడటం మంచి అలవాటు. ప్రైవేటు కొరియర్లు వేగంగా చేరుస్తాయి కానీ, సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తులను గుణించి 5000తో భాగించగా వచ్చే ఘనపరిమాణపు బరువును అసలు బరువుతో పోల్చి, రెండింటిలో ఎక్కువైన దానికి ఛార్జీ తీసుకోవడం వాటి సాధారణ పద్ధతి. తేలికపాటి బొమ్మను పెద్ద డబ్బాలో పంపేవారికి ఇది భారమవుతుంది.

ట్రాకింగ్ గురించి ఒక అపోహ ఉంది. అంతర్జాతీయ తపాలా సంఖ్యలో మొదట రెండు అక్షరాలు, తరువాత తొమ్మిది అంకెలు, చివర పంపిన దేశాన్ని సూచించే రెండు అక్షరాలు, మొత్తం 13 ఉంటాయి. మొదటి అక్షరం ఆర్ అయితే రిజిస్టర్డ్, సీ అయితే పార్సిల్, ఈ అయితే ఎక్స్‌ప్రెస్ అని అర్థం. యూతో మొదలయ్యే సంఖ్య కస్టమ్స్ సమాచారాన్ని జతచేయడానికి వేసిన బార్‌కోడ్ మాత్రమే; అది ప్యాకెట్ ప్రయాణాన్ని ఇంటి గుమ్మం దాకా చూపిస్తుందన్న హామీ లేదు. ఆ సంఖ్యను కొనుగోలుదారుకు ఇచ్చేటప్పుడు ఈ మాట కూడా చెప్పకపోతే, వారం తిరగకముందే ‘నా ప్యాకెట్ కదలడం లేదు’ అనే సందేశం వస్తుంది.

ఇక అసలు విషయం కస్టమ్స్ పత్రం. విలువ 300 ఎస్‌డీఆర్ లోపు ఉంటే సీఎన్ 22 అనే పత్రం, దాటితే సీఎన్ 23 అనే పత్రం వాడాలి. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్కగట్టే ప్రమాణం; దాని విలువ రోజూ మారుతుంది కాబట్టి ఖచ్చితమైన పరిమితిని తపాలా కార్యాలయంలో అడగాలి. మనం చెప్పుకుంటున్న సరుకుకు దాదాపు ఎప్పుడూ సీఎన్ 22 సరిపోతుంది. 2021 జనవరి 1 నుంచి సరుకు ఉన్న తపాలా అంతటికీ ఈ వివరాలను ఎలక్ట్రానిక్ రూపంలో ముందుగా పంపడం తప్పనిసరి అయింది. అంటే ప్యాకెట్ విమానం ఎక్కే లోపే మీరు రాసిన మాటలను అవతలి దేశపు కంప్యూటరు చదివేస్తుంది. చేతితో రాసిన పత్రం మాత్రమే ఉన్న ప్యాకెట్లు వెనక్కి వస్తున్నది అందుకే.

వివరణ రాసే వరుసలో ‘సేకరణ వస్తువు’, ‘కానుక’, ‘నమూనా’, ‘హాబీ సామాను’ వంటి మాటలు రాయకూడదు. అవి వస్తువును వర్ణించవు, రాసినవారి ఉద్దేశాన్ని మాత్రమే చెబుతాయి. ‘వాడిన తపాలా స్టాంపులు, కాగితం, 40’ అని రాస్తే చదివిన అధికారికి తెరిచి చూడవలసిన అవసరం కనిపించదు. ‘ముద్రిత ఆట కార్డులు, కాగితపు అట్ట, వాడినవి, 12’, ‘లోహపు బొమ్మకారు, బ్యాటరీ లేదు, 1’ అనేవి కూడా మంచి వివరణలే. బ్యాటరీ లేదన్న రెండు మాటలు ఎక్స్‌రే యంత్రం దగ్గర ఎంత సమయం మిగులుస్తాయో ఊహించవచ్చు. వివరణను గమ్యస్థానపు అధికారికి తెలిసిన భాషలో, సాధారణంగా ఇంగ్లీషులో గానీ ఫ్రెంచిలో గానీ రాయాలి. సేకరణదారుల పరిభాష, వస్తువు స్థితిని సూచించే గ్రేడింగ్ సంక్షేపాలు, కార్డు మీది పాత్ర పేరు అక్కడ ఉపయోగపడవు.

సరుకు ఏ రకమో కస్టమ్స్‌కు అంకెల్లో చెప్పే హెచ్‌ఎస్ కోడ్‌లో మొదటి ఆరు అంకెలు ప్రపంచమంతటా ఒకటే, మిగిలినవి దేశాన్ని బట్టి మారుతాయి. స్టాంపులకు 9704, ముద్రిత పోస్టుకార్డులకు 4909, ఆటలో వాడే కార్డులకు 9504, కేవలం చూసుకునే ముద్రిత కార్డులకు 4911, బొమ్మలకు 9503 శీర్షికలు వర్తిస్తాయి. సేకరణకు సంబంధించిన 9705 శీర్షికను చూసి చాలామంది సంబరపడి ప్రతి వస్తువుకూ అదే వేస్తారు. అయితే ఆ శీర్షిక నాణేశాస్త్ర, చారిత్రక, పురావస్తు, జంతుశాస్త్ర వంటి ఆసక్తి ఉన్న సేకరణలకు ఉద్దేశించినది. లక్షల్లో అచ్చయిన కార్డు మీకూ నాకూ సేకరణ వస్తువే కావచ్చు, కస్టమ్స్ దృష్టిలో అది అచ్చు కాగితం. మూలదేశం అన్న గడిలో మీరు పంపుతున్న దేశం కాక, వస్తువు తయారైన దేశం రాయాలి.

విలువ గడిలో కొనుగోలుదారు నిజంగా చెల్లించిన ధరే ఉండాలి. తగ్గించి రాయమనీ, కానుక అని రాయమనీ కొందరు అడుగుతారు. ఐరోపా సమాఖ్యలో 45 యూరోల వరకు కానుకలకు మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ అది ఒక వ్యక్తి మరొక వ్యక్తికి ప్రతిఫలం లేకుండా పంపినదానికే, అమ్మకానికి కాదు. పైగా పన్నెండు డాలర్ల సరుకును రెండు డాలర్లని రాస్తే, ప్యాకెట్ పోయినప్పుడు పరిహారం ఆ రెండు డాలర్ల మీదే ఆగిపోతుంది. ఇలాంటి కోరికకు మర్యాదగా, ఒకే వాక్యంలో, వివరణ జోడించకుండా కుదరదని చెప్పడం నేర్చుకోవాలి. వివరణ ఇస్తే బేరం మొదలవుతుంది.

పన్నుల లోకం గత కొన్నేళ్లలో బాగా మారింది. చిన్న ప్యాకెట్ల మీద పన్ను ఉండదన్న పాత నమ్మకంతో ధరలు పెట్టేవారు వెంటనే వాటిని సరిచూసుకోవాలి. ఐరోపా సమాఖ్య 2021 జూలై 1న 22 యూరోల వ్యాట్ మినహాయింపును ఎత్తివేసింది. అప్పటి నుంచి ఒక యూరో పోస్టుకార్డుకు కూడా వ్యాట్ వర్తిస్తుంది. 150 యూరోలు మించని సరుకుకు ఐఓఎస్‌ఎస్ అనే పద్ధతిలో అమ్మకం సమయంలోనే వ్యాట్ వసూలు చేయవచ్చు. పెద్ద అమ్మకపు వేదిక ద్వారా అమ్మితే ఆ వసూలు బాధ్యత వేదికదే. అది ఇచ్చే ఐఓఎస్‌ఎస్ సంఖ్యను ఎలక్ట్రానిక్ సమాచారంలో చేర్చడం మీ పని. ఆ సంఖ్యను కవరు మీద బహిరంగంగా రాయకండి, ఇతరులు దాన్ని దుర్వినియోగం చేయగలరు. చేర్చడం మరిచిపోతే కొనుగోలుదారు అదే వ్యాట్‌ను రెండోసారి కట్టవలసి వస్తుంది, ఆ కోపం మీ రేటింగ్ మీద పడుతుంది. బ్రిటన్‌లో 135 పౌండ్ల పరిమితితో 2021 జనవరి 1 నుంచి ఇలాంటి పద్ధతే నడుస్తోంది. వేదిక లేకుండా నేరుగా అమ్మే విదేశీ విక్రేత అక్కడ వ్యాట్ నమోదు చేసుకోవలసి ఉంటుంది. ఈ పరిమితులను లెక్కించేటప్పుడు విడిగా చూపిన రవాణా ఖర్చు కలవదు, అందుకే ఇన్‌వాయిస్‌లో వస్తువు ధరనూ తపాలా ఖర్చునూ వేర్వేరు వరుసల్లో చూపాలి. ఆస్ట్రేలియా 2018లో, న్యూజిలాండ్ 2019లో తక్కువ విలువ దిగుమతులపై జీఎస్‌టీ మొదలుపెట్టాయి.

అన్నిటికన్నా పెద్ద కుదుపు అమెరికాది. అక్కడ 800 డాలర్ల వరకు ఉన్న సుంకపు మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాల సరుకుకూ నిలిపివేశారు. సుంకాన్ని ముందే లెక్కగట్టి చెల్లించే ఏర్పాటు లేకపోవడంతో 80కి పైగా తపాలా సంస్థలు ఆ దేశానికి సరుకు స్వీకరించడాన్ని పూర్తిగానో కొంతవరకో ఆపివేశాయి. అందుచేత అమెరికా ఆర్డరు తీసుకునే ముందు మీ తపాలా సంస్థ ఆ రోజున ఏ సేవను, ఏ చెల్లింపు పద్ధతిలో నడుపుతున్నదో చూసుకోవడం తప్పనిసరి. బ్రెజిల్‌కు పంపేటప్పుడు అందుకునేవారి సీపీఎఫ్ పన్ను సంఖ్య కావాలి. ఏ దేశానికైనా కొనుగోలుదారు ఫోను నంబరు, ఈమెయిలు తీసుకుని సమాచారంలో చేర్చడం మంచిది, ఎందుకంటే పన్ను కట్టమనే సందేశం చాలాచోట్ల వాటికే వెళుతుంది.

ప్యాకింగ్ విషయంలో సేకరణదారులకు ఎక్కువ చెప్పనక్కరలేదు, అయితే ఇంట్లో భద్రపరచడం వేరు, ప్రయాణానికి సిద్ధం చేయడం వేరు. కార్డును మెత్తని కవరులో, దాన్ని గట్టి ప్లాస్టిక్ హోల్డరులో పెట్టి, పైన రంగులు వేసేవారు వాడే తేలికపాటి టేపు అతికించాలి. పారదర్శకపు టేపు వేస్తే దాన్ని ఊడదీసేటప్పుడే కార్డు వంగుతుంది. హోల్డరును దానికన్నా పెద్దవైన రెండు అట్టముక్కల నడుమ బిగిస్తే అంచులకు దెబ్బ తగలదు. స్టాంపులకు గ్లాసిన్ అనే నున్నని పలుచని కాగితపు కవరు, దాని మీద తేమ తగలకుండా ప్లాస్టిక్ సంచి. నాణేలకు పీవీసీ లేని ఫ్లిప్పులే, అంటే చిన్న ప్లాస్టిక్ జేబులే వాడాలి, లేకపోతే కొంతకాలానికి ఆకుపచ్చని జిగట పట్టుకుంటుంది. నాణెం కవరులో కదలకుండా అట్టకు అతికించాలి, ఎందుకంటే కదిలే నాణెం తపాలా యంత్రంలో కాగితాన్ని చీల్చుకుని బయటికి వస్తుంది. కవరు మీద ‘వంచవద్దు’ అని పెద్ద అక్షరాలతో రాయడం వల్ల నష్టం లేదు గానీ, సార్టింగ్ యంత్రానికి చదువు రాదు. స్టాంపులు సేకరించేవారికి కవరు మీద అందమైన స్టాంపులు అతికించి పంపితే సంతోషిస్తారు. బార్‌కోడ్ లేబులుకు చోటు మిగిల్చి, మీ తపాలా సంస్థ ఒప్పుకుంటే ఆ ముచ్చట తీర్చవచ్చు.

ఖర్చును తగ్గించే మార్గాల్లో నిజంగా పనిచేసేది ఆర్డర్లను కలపడం. ఒక్కొక్క కార్డును మూడు డాలర్లకు అమ్మే విక్రేత విదేశీ కొనుగోలుదారులకు కనీస ఆర్డరు పరిమితి పెట్టి, వారం పాటు కొన్నవాటిని ఒకే కవరులో పంపుతానని చెబితే ఇద్దరికీ లాభం. కలిపినప్పుడు ప్రతి రకం వస్తువుకూ కస్టమ్స్ పత్రంలో వేరే వరుస ఇవ్వాలి, మొత్తం పైన చెప్పిన పరిమితులను దాటకుండా చూసుకోవాలి.

అమ్మకపు పేజీలో మూడు విషయాలు స్పష్టంగా రాసి ఉంచండి: దిగుమతి పన్ను ఎవరు కడతారు, ట్రాకింగ్ ఎంతవరకు ఉంటుంది, కొనుగోలుదారు పన్ను కట్టడానికి నిరాకరిస్తే ఏమవుతుంది. మూడోది చాలామంది మరిచిపోతారు. పార్సిల్‌గా పంపేటప్పుడు నింపే పత్రంలో, అందజేయడం కుదరకపోతే తిప్పి పంపాలా, వదిలేయాలా అని చెప్పే గడి ఉంటుంది. పార్సిల్ తిరిగి వస్తే దాని ఖర్చు విక్రేత మీద పడవచ్చు కనుక, ఆరు డాలర్ల బొమ్మకు ‘వదిలేయండి’ అని గుర్తు పెట్టడమే కొన్నిసార్లు లాభసాటి.

మూసే ముందు వస్తువును, కవరును, కస్టమ్స్ లేబులును ఒకే ఫోటోలో కనబడేలా తీసి, తపాలా రసీదుతో కలిపి దాచండి. అంతర్జాతీయ తపాలాలో పోయిన వస్తువు గురించి విచారణ కోరే గడువు, పంపిన మరుసటి రోజు నుంచి ఆరు నెలలు. విచారణను పంపినవారే ప్రారంభించడం వాడుక. అందువల్ల ఓపికగా ఎదురుచూస్తున్న కొనుగోలుదారు ఐదో నెలలో చివరికి ఫిర్యాదు చేసినా రసీదు మీ చేతిలో ఉండాలి.