ఇంట్లో డాంకీ కాంగ్: మూడు స్టేజీలూ దాటాలంటే

డాంకీ కాంగ్ గేమ్‌ని ఆర్కేడ్ (నాణెం వేసి ఆడే మెషీన్) వీడియోలు చూసి ఇంట్లో కన్సోల్‌లో మొదలుపెట్టేవాళ్లకు ముందే చెబుతున్నా, కన్వేయర్ బెల్టుల మీద సిమెంట్ ట్రేలు తిరిగే 50 మీటర్ల స్టేజీ కోసం ఎదురుచూడకండి, ఈ కన్సోల్ గేమ్‌లో అది లేదు. 1981 నాటి ఆర్కేడ్ గేమ్‌లో నాలుగు స్టేజీలుంటే, 1983 జులైలో జపాన్‌లో నింటెండో కన్సోల్ ఫామికామ్‌తో పాటే వచ్చిన దాంట్లో మూడే: 25, 75, 100 మీటర్లు. తర్వాత నెస్‌లో (ఫామికామ్‌కి బయటి దేశాల రూపం) వచ్చిందీ ఇదే. మూడూ అయ్యాక మళ్లీ 25 నుంచే, ఇంకాస్త కష్టంగా.

సెలెక్ట్ బటన్‌తో సులువైన గేమ్ ఎ పెట్టుకోండి, కష్టమైన బి తర్వాత చూసుకోవచ్చు. ఎ బటన్ నొక్కితే మనం ఆడించే మారియో గెంతుతాడు. ఒకసారి గాల్లోకి లేచాక దిశ మార్చడం కుదరదు, మిగతా మారియో గేముల అలవాటుతో మధ్యలో వెనక్కి లాగుదామనుకుంటే అక్కడే అయిపోతాం. కాస్త ఎత్తు నుంచి పడినా చస్తాడు.

25లో తొందర పనికిరాదు. పీపా మీ మీదకి దొర్లుతుంటే నిలబడి, దగ్గరికొచ్చాకే గెంతండి. నిచ్చెన ఎక్కేముందు పై అంతస్తు చూడండి, ఎందుకంటే కొన్ని పీపాలు దొర్లుతూ దొర్లుతూ సరిగ్గా మీరున్న నిచ్చెనలోంచే దిగుతాయి, సగం ఎక్కాక గెంతడానికి ఉండదు. సుత్తి దొరికిందని సంబరపడి నేను చాలాసార్లు పోయాను: అది చేతిలో ఉన్నంతసేపూ గెంతలేం, నిచ్చెన ఎక్కలేం, పైగా పైకెత్తిన క్షణంలో ముందువైపు ఖాళీ, పీపా నేరుగా తగులుతుంది. పాయింట్లు కావాలంటే సరే, పైకి వెళ్లడమే ముఖ్యమైతే వదిలేయండి.

75లో లిఫ్టులు. ఎడమవి పైకి, కుడివి కిందకి. గట్టుకి సమానంగా వచ్చినప్పుడే గెంతాలి, ఎక్కువ పైకి వెళ్లాక దూకితే పడి చస్తాం. చివర్లో కుడివైపు నిచ్చెన ఎక్కి కాంగ్ (పెద్ద కోతి) ఉన్న అంతస్తుకు వచ్చాక ఎగురుతూ వచ్చే స్ప్రింగులే అసలు టెన్షన్. ఒకటి రెండు స్ప్రింగులు పోనిచ్చి, ఎక్కడ నేలకి తగులుతున్నాయో గమనించి, ఒకటి తల మీదుగా దాటిన వెంటనే ఆగకుండా ఎడమకి పరిగెత్తి నిచ్చెన పట్టుకోండి.

100 నాకు ఇష్టమైన స్టేజీ. ఎనిమిది బోల్టులు, మీదుగా నడిస్తే ఊడిపోతాయి, అక్కడ సందు పడుతుంది. ఆ సందుని నిప్పు ముద్దలు దాటలేవు, మీరు గెంతి దాటగలరు. కాబట్టి తరుముతున్నప్పుడు బోల్టు మీదుగా వెళ్లిపోతే వెనకే తలుపేసినట్టు. కానీ ఊడిన చోటే మళ్లీ నడిస్తే మీరూ కిందికే. తగ్గుతూ వచ్చే బోనస్ అంకె సున్నా అయినా ప్రాణం పోతుంది, అందుకే పాయింట్లిచ్చే గొడుగు కోసం వెనక్కి తిరిగేముందు ఒకసారి ఆ అంకె చూడండి.